పడవ కనపడకముందే వినపడే అయిదు స్వరాలు

సెల్‌ఫోను ఆటలకు సంగీతం కట్టే పనిలోకి వస్తున్నవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరకు వస్తుంటారు. ఏ కీబోర్డు కొనాలి, ఏ సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలి అని అడుగుతారు. ఆ రెండూ నాకు తెలియవు. నేను వాడిన సాఫ్ట్‌వేరు ఇప్పుడు ఏ కంప్యూటరులోనూ తెరుచుకోదు. నేను వాడిన కీబోర్డు మా ఇంట్లో కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉంది. నాకు తెలిసింది ఒకటే. ఆటలో ఒక వరస మళ్లీ మళ్లీ ఎందుకు రావాలి, ఎప్పుడు రాకూడదు అన్నది. దాని గురించే రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒక్కటే. మామూలు కుర్చీ తీసేసి చక్రాలున్నది ఇచ్చారు. నేల వాలుగా ఉండటంతో పని మధ్యలో మెల్లగా గోడ దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని. పాత కుర్చీ తిరిగి అడిగి తీసుకున్నాను.

ఈ ఉద్యోగం వల్ల నేను పోగొట్టుకోబోయింది మాత్రం ఒకటుంది. మా చర్చి సంఘంలో కీబోర్డు ముందున్న స్టూలు. దానికి వీపు ఆనించే చోటు లేదు, ఒక కాలు పొట్టి. ప్రభువు నాకు ఈ లోకంలో ఇచ్చిన స్థలం అదేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆ స్టూలు ఎలా పోబోయిందో చెబితే ఈ పని గురించి చెప్పాల్సిందంతా చెప్పినట్టే.

కాళ్ల హార్మోనియం

నాకు సంగీతం నేర్పింది కరుణమ్మ గారు. బడిలో లెక్కల టీచరు, సంఘంలో హార్మోనియం. ఆ హార్మోనియం కాళ్లతో తొక్కేది. ఆవిడ చెప్పుల్లేకుండా తొక్కేవారు, ఆ చెప్పులు పక్కన ఎప్పుడూ తిన్నగా ఉండేవి. నా చెప్పులు వంకరగా ఉంటే పాఠం మొదలయ్యేది కాదు.

మా కీర్తనల్లో ఒకే వరస మీద నాలుగైదు పాటలు నడుస్తాయని విశ్వాసులందరికీ తెలుసు. పెళ్లిలో పాడిన వరసే సమాధి దగ్గరా పాడతాం. కొత్తలో నాకది పేదరికంలా అనిపించింది. వేరే వరస కట్టుకోవచ్చు కదా అని అడిగాను.

"పెళ్లికి వచ్చినవాళ్లే కదా సమాధికీ వచ్చేది?" అన్నారావిడ. "వాళ్లు మారరు. వరస ఎందుకు మారాలి? నీ కాళ్లు ఎంత గాలి తొక్కుతాయన్నదే తేడా."

ఆమె అన్న మాటను తర్వాత పెద్ద పెద్ద పుస్తకాల్లో పొడుగ్గా చదివాను. అంతకన్నా ఎక్కువేమీ లేదు వాటిలో.

తొంభైల్లో ఆవిడ రిటైరై ఎలమంచిలి వెళ్లిపోయారు. ఆ హార్మోనియం స్టోరు గదికి వెళ్లింది. సంఘం ఎలక్ట్రానిక్ కీబోర్డు కొంది, స్టూలు నాకు వచ్చింది. నేను చేసిన మొదటి పని ఆవిడ వాయించిన పద్ధతంతా తీసిపారేసి, మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కే ఖరీదైన కార్డ్‌లు నాకు తెలిసినవన్నీ ఒకేసారి వేయడం. మా సంఘం ఓర్పు గల సంఘం.

పార్లరు గుమ్మం

అదే రోజుల్లో గాజువాకలో వీడియో గేముల పార్లర్లు వచ్చాయి. విశ్వాసులు లోపలికి వెళ్లకూడదని మా పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెప్పారు. నేను వెళ్లలేదు. గుమ్మం బయట నిలబడి విన్నాను. ఈ విషయం అయ్యగారి దగ్గర ఒప్పుకుంటే, "చెవి మాత్రం లోపలికి వెళ్లింది కదా" అన్నారు.

బయట నిలబడటం వల్ల నాకొక మేలు జరిగింది. తెరలు కనిపించవు, చప్పుడు మాత్రమే వినపడుతుంది. అయినా లోపల ఏం జరుగుతోందో తెలిసిపోయేది. ఒక మిషను దగ్గర ఒక చిన్న ముక్క వస్తే ఎవడో గెలిచాడు. అదే ముక్క నెమ్మదిగా వస్తే చచ్చాడు. అదే ముక్క పరుగెడితే టైము అయిపోతోంది. అచ్చం కరుణమ్మ గారి కాళ్లే. ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు కోడి కూత విని ఎందుకు ఏడ్చాడో నాకు ఆ గుమ్మం దగ్గర అర్థమైంది. కోడి కొత్తగా కూసిందేమీ లేదు. రోజూ కూసేదే. మధ్యలో జరిగింది వేరు.

గురువారం పరీక్ష

రెండు వేల తర్వాత సెల్‌ఫోన్లలోకి ఆటలు వచ్చాయి. ద్వారకానగర్‌లో ఒక మేడ మీద చిన్న కంపెనీ పెట్టారు ప్రసాద్ గారు. వాళ్లది కృష్ణా జిల్లా, తండ్రి స్టీల్‌ప్లాంటు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చారు. కీబోర్డు వచ్చినవాడు కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు. అప్పటికి నేను క్యాసెట్ స్టూడియోలో భక్తి గీతాలకు వాయించేవాణ్ని. ఆ స్టూడియో మూతపడే దశలో ఉంది కాబట్టి దీన్ని ప్రభువు పిలుపుగా తీసుకున్నాను.

ఆ ఫోన్లు ఒకేసారి నాలుగు స్వరాలకు మించి పలికేవి కావు. ఆట మొత్తం సంగీతానికీ కలిపి మాకు దొరికే చోటు ఎంతో ప్రోగ్రాములు రాసే అప్పలరాజు మొదటి రోజే చెప్పాడు.

"పాస్‌పోర్టు ఫోటో ఉంటాది గదండీ మాస్టారూ, అందులో చెవి ఉంటాది గదా. అంత."

"చెవిలో ఎంత సంగీతం పడుతుంది?"

"మరదే మీరు సెప్పాలి. నానెల్లి సూత్తన్నానేటి?"

ఎనిమిది పాటలకు చోటు లేదు. ఒకటి రాసి ఎనిమిది రకాలుగా తొక్కాలి. నన్ను చూసి కళాకారుడనుకున్నవాళ్లు ఇది గమనించాలి. నేను తిరిగి వచ్చే వరసలు రాసింది సిద్ధాంతం వల్ల కాదు, చోటు లేక.

మొదటి ఆటలో తప్పు చేశాను. మంచి వరస దొరికిందని దాన్ని ఆపకుండా తిప్పాను. అది వచ్చింది, మళ్లీ వచ్చింది, వెళ్లనే లేదు. అప్పలరాజు రెండు రోజులు పరీక్షించి, "సౌండు తీసేసి ఆడితే ఆట శానా బాగుందండీ" అన్నాడు. అదే నా సంగీతానికి వచ్చిన మొదటి సమీక్ష, నిజమైనది కూడా. ఒక వరస తిరిగి రావాలంటే ముందు వెళ్లాలి. వెళ్లని చుట్టాన్ని ఎవరూ రమ్మనరు.

ప్రసాద్ గారికి సంగీతం రాదు. అందుకే ఆయన నాకు దొరికిన అందరిలోనూ మంచి బాసు. ఆయన దగ్గర ఒకటే పరీక్ష ఉండేది. సోమవారం నా వరసను అప్పలరాజుకు ఒక్కసారి వినిపించేవారు. గురువారం పిలిచి, "ఏదీ, అనవయ్యా" అనేవారు. అప్పలరాజు ఆ వరస తిరిగి అనగలిగితే ఉంచడం, లేకపోతే చెత్తబుట్ట. అప్పలరాజు గొంతు బాగుండదు. ఆ గొంతులోంచి వచ్చినా గుర్తుపట్టగలిగితే అది నిలిచే వరస. మీకూ అలాంటివాడు ఒకడు కావాలి. బాగా పాడేవాణ్ని పెట్టుకోకండి, వాడు మీ తప్పుల్ని కప్పేస్తాడు.

ప్రతి ఫైలూ సేవ్ చేసే ముందు ప్రార్థన చేసుకునేవాణ్ని. కరెంటు పోయే రోజులు కాబట్టి కంపెనీలో మిగిలినవాళ్లూ చేసేవాళ్లు. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. సంఘంలో వాయించేది ఆటలోకి తేను, ఆటలోది సంఘంలోకి తీసుకెళ్లను. దాన్ని తప్పనని ప్రభువుకు మాట ఇచ్చాను.

ఇంజను దగ్గు

ఒక ఆట చేపల పడవ మీద. సముద్రంలోకి వెళ్లాలి, వల వేయాలి, తుఫాను తప్పించుకుని హార్బరుకు తిరిగి రావాలి. పడవకు వరస కట్టమన్నారు ప్రసాద్ గారు. వారం రోజుల్లో ఆరు కట్టాను. గురువారం నాడు అప్పలరాజుకు ఒక్కటీ గుర్తు లేదు.

"ఏసీలో కూకుని పడవకి పాట కడితే ఏటొస్తాది మాస్టారూ? రేపు తెల్లారకముందు రండి" అన్నాడు. వాళ్ల చిన్నాన్నకు పడవ ఉంది.

వెళ్లాను. ఫిషింగ్ హార్బరులో అప్పటికే ఐసు దింపుతున్నారు, వేలం పాడేవాళ్లు గొంతులు సవరించుకుంటున్నారు. సముద్రం వైపు ఏమీ కనపడటం లేదు, చీకటి. అప్పలరాజు పిన్ని నూకాలమ్మ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. ఉన్నట్టుండి లేచి బుట్ట తిప్పి పట్టుకుంది.

"మనదొత్తంది" అంది.

నాకేమీ కనపడలేదు. నాలుగైదు ఇంజన్ల మోత మాత్రం దూరంగా కలగలిసి ఉంది. "మీదేనని ఎలా తెలిసిందమ్మా?" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి బావూ, అలాగడుగుతన్నావు? ఆ దగ్గు ఇనపళ్లేదేటి? నాలుగు దగ్గులు దగ్గి ఒకటాపుతాది. ఇంట్లో మా ఆయన దగ్గు, ఈడ దీని దగ్గు. ఇరవై ఏళ్లుగా ఇంటన్నాను."

"ఎప్పుడైనా పొరపాటు పడ్డారా?"

"మాయన దగ్గనుకుని పక్కింటోడికి తలుపు తీసినాను ఒకపాలి. పడవ దగ్గర మాత్రం లేదు."

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. పది నిమిషాలకు పడవ కనపడింది. వాళ్లదే.

ఇంటికి వస్తూ బస్సులోనే వరస దొరికింది. అయిదు స్వరాలు. స, రి, గ, అక్కణ్నుంచి మధ్యమం మీద కాలు పెట్టకుండా ఒక్క దూకు దూకి ప, మళ్లీ గ. నాలుగు అడుగులు వేసి ఒకటి ఆగినట్టుంటుంది. ఎక్కణ్నుంచి వచ్చిందని నేను అడగలేదు. ప్రభువు ఇచ్చాడనుకున్నాను.

ఆటలో దాన్ని ఇలా పెట్టాం. హార్బరు తెర మీదకు రాకముందే ఆ అయిదు స్వరాలు సన్నగా వినపడతాయి. ఆడేవాడికి ఇల్లు దగ్గరపడిందని తెలుస్తుంది. వల నిండితే అదే వరస బరువుగా వస్తుంది. తుఫానులో మొదటి మూడు స్వరాలే వచ్చి ఆగిపోతాయి. పడవ మునిగితే అయిదూ వస్తాయి, చాలా నెమ్మదిగా. గురువారం ప్రసాద్ గారు అడగకముందే అప్పలరాజు టీ తాగుతూ దాన్ని కూనిరాగం తీస్తున్నాడు. ఆట బయటకు వెళ్లింది. జనం ఆడారు. పోర్టులో, ప్లాంటులో షిఫ్టు మారే చోట నిలబడితే నా అయిదు స్వరాలు జేబుల్లోంచి వినపడేవి.

బల్ల ఆదివారం

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. విశ్వాసులు వరుసగా నడిచి ముందుకు వస్తారు. పాట అయిపోయినా వరుస అవదు. ఆ ఖాళీలో నేను కళ్లు మూసుకుని మెల్లగా ఏదో వాయించేవాణ్ని. ఏం వాయిస్తున్నానో చూసుకునేవాణ్ని కాదు.

ఆ ఆదివారం కళ్లు తెరిచేసరికి వరుస నడవడం మానేసింది. రొట్టె పళ్లెం పట్టుకున్న సంఘ పెద్ద పరంజ్యోతి గారు నన్నే చూస్తున్నారు. ఆయన పోర్టులో క్రేను ఆపరేటరు, సబ్బవరం నుంచి వచ్చి మా సంఘంలో చేరి అయిదారేళ్లయింది. భక్తిలో ఎవరికీ తీసిపోరు. ఆయన కుడిచేతి బొటనవేలు పళ్లెం అంచు మీద పైకీ కిందకీ ఆడుతోంది, ఫోను మీటలతో పడవను ఒడ్డుకు తిప్పుతున్నట్టు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

నా వేళ్ల కింద ఉన్నది పడవ వరస.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. పరంజ్యోతి గారే మాట్లాడారు. "మాస్టారూ, బల్ల కాడ ఫోనాట పాట వాయించినారు. నా సేతిలో రొట్టె ఉంది. నా మనసు మాత్రం హార్బర్లో ఉంది. ఇదేటి పని?"

అయ్యగారు అడిగారు: "అది ఫోనాట పాటని మీకెలా తెలిసింది?"

"మా మనవరాలు ఆడతాదండి."

"ఏ లెవెల్లో ఉంది?"

"పదకొండు" అని చటుక్కున చెప్పి, తర్వాత చాలాసేపు ఎవరివైపూ చూడలేదు.

నేను వాదించలేదు. ఆటలోది సంఘంలోకి తెచ్చాను, ఇచ్చిన మాట తప్పాను. అదే చెప్పాను. పెద్దలు తీర్పు చెప్పారు. వచ్చే బల్ల ఆదివారం దాకా స్టూలు ముట్టకూడదు. ఆ రోజు సంఘం ముందు జరిగింది ఒప్పుకుని సాక్ష్యం చెప్పి, ఉద్యోగమో స్టూలో తేల్చుకోవాలి. అప్పటిదాకా పాటలు వాయిద్యం లేకుండా పాడతారు.

నాకు భార్య ఉంది, ఇద్దరు పిల్లల చదువులున్నాయి. క్యాసెట్ స్టూడియో అప్పటికి చెప్పుల దుకాణమైంది. అయినా నెల రోజులూ ఉద్యోగం మానేసే కాగితం చొక్కా జేబులో పెట్టుకునే తిరిగాను.

ఎలమంచిలి

వేరేవాళ్ల నోట వినకముందే కరుణమ్మ గారికి నేనే చెప్పాలనుకున్నాను. ఎలమంచిలి వెళ్లాను. డెబ్బై దాటారు. చేతికర్ర, పక్కన చెప్పులు తిన్నగా. జరిగిందంతా విని, "ఏదీ ఆ వరస?" అన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టాను.

మూడుసార్లు విన్నారు. "ఇది నీదంటావేమిటి? ఇది నేను వాయించేదాన్ని. బల్ల దగ్గర, పాట అయిపోయాక."

నేను ఖరీదైన కార్డ్‌లతో తీసిపారేసిన వాటిలో అదొకటి. పన్నెండేళ్లు వేళ్లలో దాక్కుని బస్సులో బయటికి వచ్చింది. పెద్దలు అనుకున్నదానికన్నా నా తప్పు పెద్దది. ఆట పాట సంఘంలోకి రాలేదు. బల్ల దగ్గరి పాటను నేను ఆటలోకి తీసుకెళ్లాను. ఆ మాటే అన్నాను. కళ్లు తుడుచుకున్నాను కూడా.

ఆవిడ "ఏడవకు. అదంత పవిత్రమైనదేం కాదు" అన్నారు. "హార్మోనియంలో ఎలక గూడు కట్టింది. మధ్యమం మెట్టు నొక్కితే పైకి లేచేది కాదు. అందుకని దాన్ని దాటేసి దూకేదాన్ని. సంఘం కమిటీకి రెండుసార్లు అర్జీ పెట్టాను. బాగు చెయ్యలేదు."

తర్వాత ఆట గురించి అడిగారు. ఎవరు వస్తారు, ఎప్పుడు వినపడుతుంది అని. నూకాలమ్మ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"నేనూ అందుకే వాయించేదాన్ని. చివరి మనిషి వచ్చి మోకరించేదాకా. ఇంకా ఒకరు రావాలి, తొందరపడకండి అని మిగిలినవాళ్లకు." కర్ర రెండో చేతికి మార్చుకుని, "మరి పడవ మునిగితే ఏం వాయిస్తావు?"

"అదేనండి. నెమ్మదిగా."

"తీసెయ్. మునిగినప్పుడు అది రాకూడదు. ఇక ఎవరూ రారని తెలిశాక అది వాయించడం అబద్ధం."

ఇరవై ఏళ్ల పనిలో నా సంగీతం మీద నేను విన్న విమర్శల్లో ఇంత సరైనది మరొకటి లేదు. సోమవారం ప్రసాద్ గారికి చెప్పాను. తర్వాతి వెర్షన్‌లో పడవ మునిగితే నిశ్శబ్దం పెట్టాం. సౌండు పోయిందని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన ఒక రోజంతా ఆలోచించి, తనే ఒకసారి మునిగి చూసి, "ఉండనివ్వండి" అన్నారు.

స్టూలు

బల్ల ఆదివారం కరుణమ్మ గారు రైల్లో వచ్చారు. నేను రమ్మనలేదు. వెనక బెంచీలో కూర్చున్నారు.

సాక్ష్యంలో అంతా చెప్పాను, ఎలక సంగతి తప్ప. అది చెప్పే ధైర్యం రాలేదు. జేబులో కాగితం ఉందని కూడా చెప్పాను. పరంజ్యోతి గారు వెనక్కి తిరిగి, "అమ్మగారూ, మీరు పెద్దవారు. ఇది దేవుడి పాటాండి, ఆట పాటాండి? మీరే సెప్పండి" అన్నారు.

కరుణమ్మ గారు కర్ర ఊని లేచారు. "ఎలక పాట" అన్నారు.

ఆవిడ గూడు సంగతి, కమిటీకి పెట్టిన అర్జీల సంగతి చెప్పి కూర్చున్నారు. ఆ కమిటీలో ఉన్న పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అయ్యగారు తీర్పు సంగతి ఎత్తకుండా బల్ల మొదలుపెట్టారు.

వాయిద్యం లేకుండా పాట పాడారు. వరుస నడిచింది. పాట అయిపోయింది. అందరూ కూర్చున్నాక కూడా నడవ మధ్యలో ఒకరు మిగిలారు. కరుణమ్మ గారు. కర్ర, అడుగు, కర్ర, అడుగు. అంత నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఆవిడకే కష్టంగా ఉన్నట్టుంది. సగం దారిలో ఆగిపోయారు. అందర్నీ ఆపుతున్నానని అనుకున్నారేమో, వెనక్కి తిరగబోయారు.

పరంజ్యోతి గారు పళ్లెం పట్టుకుని నావైపు చూశారు. చేతులు ఖాళీ లేవు. గడ్డంతో స్టూలు చూపించారు.

వెళ్లి కూర్చున్నాను. స, రి, గ, దూకి ప, మళ్లీ గ. కరుణమ్మ గారు ముందుకు తిరిగారు. ఆవిడ అడుగు చూసి వాయించాను, గాలి తక్కువ తొక్కినట్టు. పరంజ్యోతి గారి బొటనవేలు ఏం చేస్తోందో నేను చూడలేదు. చూసి ఉంటే నవ్వేవాణ్ని.

పదకొండుసార్లు తిప్పాను. పన్నెండోసారి మొదటి మూడు స్వరాల దగ్గర ఆవిడ వచ్చి మోకరించారు. అక్కడ ఆపేశాను.